పుట్టినరోజు గుర్తుంచుకోమని అడగడం చిన్నతనమా?

ప్రశ్న: నా వయసు 48. ఇంట్లో అందరి పుట్టినరోజులూ గుర్తుపెట్టుకుని, నిద్ర లేవగానే శుభాకాంక్షలు చెప్పేది నేనే. నా పుట్టినరోజు వస్తోందంటే ఏదో ఒక వంకతో నేనే గుర్తు చేసేదాన్ని. ఎవరికి ఎంత ప్రేమ ఉందో చూద్దామని ఈసారి నోరు మెదపలేదు. ఫేస్‌బుక్‌లో కూడా తేదీ కనపడకుండా చేశాను. ఆ రోజు పొద్దున మావారు కళ్ళజోడు ఎక్కడ పెట్టానని అడిగి, దొరకగానే ఆఫీసుకు వెళ్ళిపోయారు. రాత్రి వేరే ఊళ్ళో ఉన్న అబ్బాయి ఫోన్ చేస్తే ఎంతో ఆశగా ఎత్తాను. ఏదో పాస్‌వర్డ్ అడిగి పెట్టేశాడు. రెండు రోజుల తర్వాత చెల్లెలు ‘మర్చిపోయానక్కా, క్షమించు’ అని మెసేజ్ పెట్టింది. జవాబివ్వలేదు. మూడు వారాలుగా మావారితో ముక్తసరిగా మాట్లాడుతున్నాను. కారణం చెప్పాలంటే సిగ్గుగా ఉంది. ఈ వయసులో ఇంత బాధపడటం చిన్నతనమా?
– ఒక సోదరి

జవాబు: చిన్నతనం కాదమ్మా. ముందు ఆ సిగ్గు వదిలేయండి.

పండగ అందరిదీ. పెళ్ళిరోజు ఇద్దరిది. పదోన్నతి వచ్చినప్పుడో, పరీక్ష పాసైనప్పుడో అభినందిస్తే అది చేసిన పనికి దక్కిన మెప్పు. పుట్టినరోజు ఏమీ సాధించకుండానే వస్తుంది. పుట్టడంలో మన గొప్పతనం ఏముంది? అయినా ఆ రోజు నలుగురూ వచ్చి ‘నువ్వు ఉన్నావు, మాకు సంతోషం’ అంటారు. శుభాకాంక్షల్లో ఉన్న మాట అదే. ఏడాది పొడవునా ఇంట్లో చేసే చాకిరీతోనే తన విలువ లెక్కకు వచ్చే మనిషికి ఈ ఒక్క రోజు ఎంత అవసరమో బయటివాళ్ళకు తెలియదు. కళ్ళజోడు వెతికిపెట్టడానికి ఆ పొద్దున మీరు గుర్తొచ్చారు. రాత్రి పాస్‌వర్డ్ కోసం గుర్తొచ్చారు. ఈ రెండింటి మధ్య మీరు ఎవరికీ గుర్తు రాలేదు. మీ ఉత్తరంలో నన్ను పట్టి ఆపింది ఇదే.

నలుగురిలో ఒకరిగా ఉండాలన్న తపన మనిషి మౌలిక అవసరాల్లో ఒకటని రాయ్ బామైస్టర్, మార్క్ లియరీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1995లో వాదించారు. 2003లో జరిగిన ఒక ప్రయోగంలో కొందరిని మెదడు స్కానింగ్ యంత్రంలో పడుకోబెట్టి కంప్యూటర్‌లో మరో ఇద్దరితో బంతాట ఆడించారు. కాసేపటికి అవతలి ఇద్దరూ బంతి తమలో తామే విసురుకోవడం మొదలుపెట్టారు. ఒంటికి దెబ్బ తగిలితే కలిగే బాధలో పాలుపంచుకునే మెదడు భాగమే ఆ సమయంలోనూ చురుకైంది. ముక్కూ మొహం తెలియని వాళ్ళు బంతి వేయకపోతేనే అంత నొప్పి. మిమ్మల్ని మరిచింది మీ సొంతవాళ్ళు.

అయితే మీరు పెట్టిన పరీక్ష గురించి ఒక మాట చెప్పాలి, నొచ్చుకోకండి. ఎవరి ప్రేమ ఎంతో చూద్దామనుకున్నారు. ఆ పరీక్షకు అందింది వాళ్ళ ప్రేమ కాదు, జ్ఞాపకశక్తి. ఫలానా రోజున ఫలానా పని చేయాలన్న సంగతి సమయానికి గుర్తు రావడానికి చాలామందికి ఏదో ఒక సూచన కావాలి. మీ ఇంట్లో ఇన్నేళ్ళూ ఆ సూచన మీరే. తేదీలు మనసులో ఉంచుకునే పని మిగతావాళ్ళు మీకూ ఫోనుకూ అప్పగించేశారు. ఈ ఏడు ఆ రెండింటినీ మీరే తీసేశారు. అంతమాత్రాన వాళ్ళ తప్పు లేదని అనను. అందరి తేదీలూ ఒక్కరే మోయడం అన్యాయం, ఆ సంగతి వాళ్ళకు తెలియాలి. మౌనంగా ఉంటే ఎప్పటికీ తెలియదు.

మరో కోణం కూడా చూడండి. ‘ఒక్క మాట చెప్పకపోతే ఏమవుతుందిలే’ అనుకునేవాళ్ళు చాలామంది. పలకరింపుల మీద 2022లో వెలువడిన ఒక పరిశోధనలో, తమ పలకరింపుకు అవతలివాళ్ళు ఎంత సంతోషిస్తారో పలకరించేవాళ్ళు తక్కువగా అంచనా వేస్తున్నారని తేలింది. అనుకోకుండా వచ్చిన పలకరింపుకైతే సంతోషం మరీ ఎక్కువట. మీ చెల్లెలిని ఏ ఫోనూ హెచ్చరించలేదు. తనంతట తానే గుర్తు తెచ్చుకుంది, మరిచినందుకు సిగ్గుపడింది, అయినా దాచుకోకుండా రాసింది. సమయానికి వచ్చే యాభై మొక్కుబడి మెసేజ్‌ల కన్నా ఆ ఆలస్యపు మాటకే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఆమెకు ఈరోజే ఫోన్ చేయండి.

ఇక మీవారి సంగతి. మూడు వారాలుగా మీరు ఎందుకు ముభావంగా ఉన్నారో ఆయనకు బహుశా అంతుపట్టి ఉండదు. తీరిగ్గా ఉన్నప్పుడు చూసి సూటిగా చెప్పండి: ‘ఏమండీ, మొన్న నా పుట్టినరోజు వెళ్ళిపోయింది. మీకు గుర్తు రాలేదు. నేను చాలా బాధపడ్డాను. బహుమతులు వద్దు. ఆ రోజు పొద్దున కాసేపు నా దగ్గర కూర్చుంటే చాలు.’ అక్కడితో ఆగండి. పాత ఏళ్ళన్నీ తవ్వకండి. ‘మీరెప్పుడూ ఇంతే’ అన్న మాట వచ్చిందంటే ఆయన తనను తాను సమర్థించుకునే పనిలో పడతారు, మీ బాధ పక్కకు పోతుంది. అడిగి చెప్పించుకుంటే విలువేముందని మీకు అనిపించవచ్చు. అడిగి తాగినంత మాత్రాన మంచినీళ్ళు దాహం తీర్చకుండా పోవు కదా. తేదీని ఆయన చేతే క్యాలెండర్‌లో గుర్తు పెట్టించండి. వచ్చే ఏడాది ఆ బాధ్యత ఆయనది.

అబ్బాయికీ ఇదే చెప్పండి. చిన్నప్పటి నుంచి శుభాకాంక్షలు అందుకోవడమే అలవాటైన పిల్లలకు, అమ్మ కూడా ఎదురుచూస్తుందన్న ఊహే రాదు. చెబితే చాలామంది నేర్చుకుంటారు.

ఒక ప్రశ్న మాత్రం మిమ్మల్ని మీరు నిజాయితీగా వేసుకోండి. మిమ్మల్ని పట్టించుకోనిది ఆ ఒక్క రోజేనా, ఏడాదంతానా? ఒంట్లో బాగాలేనప్పుడు మీవారు పక్కన ఉంటారా? మీరు చెప్పేది వింటారా? ఉంటారు, వింటారు అనిపిస్తే ఇది మాట్లాడుకుంటే తీరిపోయే విషయమే. కాదంటే, చెప్పినా ఆయన తేలిగ్గా తీసిపారేస్తుంటే, ఇద్దరూ కలిసి కౌన్సెలర్‌ను కలవండి. ఆయన రానంటే మీరొక్కరే వెళ్ళినా మేలే. ఈ మూడు వారాల్లో నిద్ర, ఆకలి తగ్గి ఏ పని మీదా ఆసక్తి లేకుండా ఉంటే మాత్రం ఆలస్యం చేయకుండా మానసిక వైద్యులకు చూపించుకోండి.