మా అమ్మాయి రిమోట్ సెన్సింగ్ చదువుతానంటోంది, ఏ దారిలో పంపాలి?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా విడవలూరు మండలం. మూడెకరాల్లో వరి, రెండెకరాల్లో రొయ్యల గుంటలు ఉన్నాయి. మా అమ్మాయి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పూర్తి చేసింది. శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగం చూసి వచ్చినప్పటి నుంచి, ఉపగ్రహాలతో భూమిని పరిశీలించే రిమోట్ సెన్సింగ్ చదువుతానని పట్టుబడుతోంది. లెక్కలు బాగా చేస్తుంది, మొక్కలన్నా ఇష్టమే. బంధువులు మాత్రం కంప్యూటర్ సైన్స్‌లో చేర్చమంటున్నారు. ఎంపీసీ తీసుకోవాలా, బైపీసీ తీసుకోవాలా? ఐఐటీ ర్యాంకు రాకపోతే ఈ చదువు వల్ల ప్రయోజనం ఉంటుందా? ఆడపిల్లకు ఈ పని కుదురుతుందా? మా అబ్బాయి ఎనిమిదో తరగతిలో ఉన్నాడు, వాడికీ ఏదైనా చెప్పండి. (ఒక తండ్రి)

జవాబు: మీ ఉత్తరంలో రెండు విషయాలు కలిసిపోయాయి. వాటిని విడదీస్తే మీ సందేహాల్లో సగం తీరుతాయి. రాకెట్‌ను తయారు చేసి పైకి పంపడం ఒక పని. ఆ రాకెట్ మోసుకెళ్లిన ఉపగ్రహం పంపే చిత్రాలను చదివి, భూమి మీద ఎక్కడ ఏముందో, అది ఎలా మారుతోందో తేల్చడం మరొక పని. మీ అమ్మాయి చదువుతానంటున్నది రెండోది. మొదటి దానికి మెకానికల్, ఎలక్ట్రానిక్స్, ఏరోస్పేస్ ఇంజినీర్లు ఎక్కువగా కావాలి. రెండో దానిలో మాత్రం నేల, నీరు, పంట, రాయి, సముద్రం గురించి తెలిసిన వారందరికీ చోటుంది. అందుకే ఇది ఐఐటీ ర్యాంకు వచ్చిన వారికి మాత్రమే తెరుచుకునే తలుపు కాదని ముందుగానే చెబుతున్నాను.

ఈ శాస్త్రానికి మూలం ఆమె బడిలో చదువుకున్న కాంతి పాఠమే. పచ్చని ఆకు ఎరుపు కాంతిని ఆహారం తయారీ కోసం ఎక్కువగా శోషించుకుంటుంది. మన కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం బలంగా పరావర్తనం చేస్తుంది. నీరు ఆ పరారుణ కాంతిని దాదాపు మింగేస్తుంది కాబట్టి అలాంటి చిత్రంలో నల్లగా కనిపిస్తుంది. పరారుణ విలువలోంచి ఎరుపు విలువను తీసివేసి, వచ్చిన తేడాను ఆ రెండింటి మొత్తంతో భాగిస్తే పైరు ఎంత ఏపుగా ఉందో చెప్పే ఒక సూచిక వస్తుంది. పదో తరగతి పిల్ల కాగితం మీద చేయగలిగిన లెక్క ఇది. మన దేశంలో ఈ విద్యకు ఆద్యుడైన పిషారోత్ రామ పిషారోటీ భౌతిక శాస్త్రం చదివిన వాతావరణ శాస్త్రవేత్త. 1970లో ఆయన బృందం కేరళలో హెలికాప్టర్ నుంచి పరారుణ ఫిల్ముతో కొబ్బరి తోటలను ఫోటోలు తీసి, వేరు తెగులు సోకిన చెట్లను గుర్తించే ప్రయత్నం చేసింది. అంటే మన దేశంలో ఈ శాస్త్రం తొలి అడుగులు వేసింది రైతు తోటలోనే.

ఇప్పుడు మీ పొలం దగ్గరికే వద్దాం. ఐరోపా వారి సెంటినెల్-2 ఉపగ్రహాల చిత్రాలు ఎవరికైనా ఉచితంగా దొరుకుతాయి. ఆ చిత్రం చిన్న చిన్న గళ్లతో (పిక్సెళ్లతో) కూడి ఉంటుంది, ఒక్కో గడి నేల మీద పది మీటర్ల పొడవు, పది మీటర్ల వెడల్పు ఉంటుంది. మన లెక్కలో చెప్పాలంటే ఒక్కో గడి సుమారు రెండున్నర సెంట్లు, ఎకరానికి దాదాపు 40 గళ్లు. కాబట్టి మీ రెండెకరాల గుంటలు ఆ చిత్రంలో స్పష్టంగానే కనిపిస్తాయి. చిక్కు వచ్చేది ఆ తర్వాతే. దమ్ము చేసి నీరు పెట్టి అప్పుడే నాట్లు వేసిన వరి మడి కూడా ఆ చిత్రంలో నీటిలాగే నల్లగా ఉంటుంది. ఒక్క రోజు చిత్రాన్ని మాత్రమే చూసిన వ్యక్తి మీ వరినీ మీ గుంటలనూ కలిపి ఐదెకరాల నీటి వనరుగా రాసేయగలడు. నెలన్నర ఆగి మళ్లీ చూస్తే వరి పచ్చగా వెలుగుతుంది, గుంట నల్లగానే ఉంటుంది. మరి రొయ్యలు పట్టేసి ఎండబెట్టిన గుంట ఎలా కనిపిస్తుంది? కోత కోసిన మడిలా, ఖాళీ నేలలా కనిపిస్తుంది. ఎడగారు (రెండో పంటగా వేసే వరి) వేసిన ఊరిలో ఈ లెక్క మరో రకంగా మారుతుంది. ఏ నెలలో ఏ చేను ఎలా ఉంటుందో తెలిసిన మనిషికే ఈ ముడి సులభంగా విడిపోతుంది.

మన జిల్లాకు ప్రత్యేకమైన చిక్కు మరొకటి ఉంది. ఇక్కడ నాట్లు ముమ్మరంగా పడేది ఈశాన్య రుతుపవనాల కాలంలో. సరిగ్గా అప్పుడే ఆకాశం మబ్బు పట్టి ఉంటుంది, సూర్యకాంతి మీద ఆధారపడే కెమెరాకు మబ్బు తప్ప మరేమీ కనిపించదు. 2021 నవంబరులో పెన్నాకు వరద వచ్చిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. అలాంటి సమయంలో పనికొచ్చేవి తమ రేడియో తరంగాలను తామే పంపి, తిరిగి వచ్చిన వాటిని కొలిచే రాడార్ ఉపగ్రహాలు. అవి మబ్బుల గుండా, రాత్రి వేళ కూడా చూడగలవు. 2022 ఫిబ్రవరిలో ప్రయోగించిన ఈఓఎస్-04, 2025 జులై 30న ప్రయోగించిన నైసార్ ఈ కోవకు చెందినవే, రెండూ శ్రీహరికోట నుంచే పైకి వెళ్లాయి. శ్రీహరికోట 2022 వరకు మన జిల్లాలోనే ఉండేది. అక్కడి నుంచి వెళ్లిన ఉపగ్రహం మన మడిని చూసి పంపే సమాచారాన్ని మన ఊరి పిల్ల చదవగలగాలన్నది నా బలమైన కోరిక.

ఇక ఎంపీసీ, బైపీసీ సంగతి. లెక్కలు బాగా చేస్తుందని మీరే రాశారు కాబట్టి నా సలహా ఎంపీసీ. చిత్రాలను విశ్లేషించడంలో గణాంకాలు, మాత్రికలు, తరంగాల భౌతిక శాస్త్రం అడుగడుగునా వస్తాయి. ఎంపీసీ చదివిన విద్యార్థి తర్వాత పంటల వైపు రాగలదు కానీ గణితం వదిలేసిన విద్యార్థికి వెనక్కి రావడం కష్టం. అయితే బైపీసీతో ఈ దారి మూసుకుపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. వ్యవసాయ డిగ్రీ చదివి పంటల అంచనా వైపు వెళ్లవచ్చు. మన జిల్లాలోని ముత్తుకూరు మత్స్య కళాశాలలో చదివి తీర ప్రాంత వనరుల అధ్యయనం వైపు వెళ్లవచ్చు. ఏ గ్రూపు తీసుకున్నా, ఇంటర్మీడియట్ రెండేళ్లలో ఆమె భౌతిక శాస్త్రాన్ని బిట్ల కోసం బట్టీ పట్టకుండా అర్థం చేసుకునే కళాశాలను ఎంచుకోండి. హాస్టల్ పేరు కన్నా ఆ విషయం ముఖ్యం.

డిగ్రీ దగ్గర చాలామంది తల్లిదండ్రులు ఒక పొరపాటు చేస్తున్నారు. రిమోట్ సెన్సింగ్ లేదా జియోఇన్ఫర్మాటిక్స్ (భూమికి సంబంధించిన సమాచారాన్ని కంప్యూటర్‌తో విశ్లేషించే చదువు) అనే పేరు కనిపిస్తే చాలు, బోధించే వారున్నారో లేదో చూడకుండా చేర్పించేస్తున్నారు. రిమోట్ సెన్సింగ్ ఒక కొలిచే పద్ధతి. దేన్ని కొలవాలో తెలియని వారికి కొలిచే పద్ధతి ఒక్కటే తెలిసి ప్రయోజనం తక్కువ. అందువల్ల డిగ్రీలో సివిల్ ఇంజినీరింగ్, భూగర్భ శాస్త్రం, భౌతిక శాస్త్రం, వ్యవసాయం, కంప్యూటర్ సైన్స్ వంటి గట్టి పునాది ఉన్న చదువు ఒకటి పూర్తి చేసి, పీజీలో రిమోట్ సెన్సింగ్‌లోకి రావడం మేలని నా అభిప్రాయం. చెన్నైలోని అన్నా విశ్వవిద్యాలయం గిండీ ఇంజినీరింగ్ కళాశాల వంటి చోట, అనుభవం ఉన్న విభాగంలో సీటు వస్తే డిగ్రీ స్థాయిలోనే జియోఇన్ఫర్మాటిక్స్ తీసుకోవచ్చు. నెల్లూరు నుంచి చెన్నై దూరమూ కాదు.

జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో మంచి ర్యాంకు వస్తే, 2007లో తిరువనంతపురంలో మొదలైన భారత అంతరిక్ష విజ్ఞాన, సాంకేతిక సంస్థలో బీటెక్ చదవవచ్చు. రాకపోతే గేట్ (ఎంటెక్ ప్రవేశాలకు రాసే జాతీయ పరీక్ష) రాసి అదే సంస్థలో ఎంటెక్‌కు ప్రయత్నించే దారి ఉంది. గేట్‌లో 2022 నుంచి జియోమాటిక్స్ ఇంజినీరింగ్ అనే ప్రత్యేక పేపరే పెట్టారు. శాస్త్ర పరిశోధన వైపే మనసుంటే తిరుపతి ఐసర్‌లో (కేంద్ర ప్రభుత్వ విజ్ఞాన విద్య, పరిశోధన సంస్థలో) ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ చదవవచ్చు, దాని ప్రవేశ పరీక్షను ఎంపీసీ వారూ బైపీసీ వారూ రాయవచ్చు. పీజీకి నేను అందరికన్నా ముందు పేర్కొనేది డెహ్రాడూన్‌లోని భారత రిమోట్ సెన్సింగ్ సంస్థ. 1966లో మొదలైన ఆ సంస్థ ఇప్పుడు ఇస్రో కింద ఉంది, అక్కడి ఎంటెక్ పట్టాను మన ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇస్తుంది. వ్యవసాయం, నీటి వనరులు, భూ శాస్త్రాలు, సముద్రం, పట్టణ ప్రణాళిక వంటి శాఖల్లో ఒకదాన్ని చేరేటప్పుడే ఎంచుకోవాలి. డిగ్రీ గట్టి విషయంలో ఉండాలని పైన చెప్పింది ఇందుకే.

ఉద్యోగాల గురించి దాపరికం లేకుండా చెబుతాను. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం వంటి ఇస్రో సంస్థల్లో ఖాళీలు పరిమితం, పోటీ తీవ్రం. వాటినే ఏకైక లక్ష్యంగా పెట్టుకుంటే చాలామందికి నిరాశ తప్పదు. ప్రైవేటు మ్యాపింగ్ కంపెనీల్లో తొలి ఉద్యోగం చాలాసార్లు రోజంతా తెర మీద గీతలు గీసే పనిగా ఉంటుంది, జీతం కూడా మొదట్లో తక్కువే. ఆ మెట్టు దాటి పైకి వెళ్లేది ప్రోగ్రామింగ్ తెలిసినవారు, లేదా ఒక విషయంలో లోతైన పట్టు ఉన్నవారు. మీ బంధువుల మాటలో నిజం ఇక్కడ ఉంది. ఈ రోజు వేల చిత్రాలను కంప్యూటర్ ప్రోగ్రాములే చదువుతున్నాయి కాబట్టి పైథాన్ వంటి ప్రోగ్రామింగ్ భాష రాకుండా ఈ రంగంలో ముందుకు సాగడం కష్టం. ఆమె కంప్యూటర్ సైన్స్‌లో చేరినా కల వదులుకున్నట్లు కాదు, నేల గురించిన జ్ఞానాన్ని వదలకపోతే చాలు.

పని దొరికే చోట్లు అంతరిక్ష సంస్థలకే పరిమితం కావు. పంటల బీమా, భూగర్భ జలాలు, నీటిపారుదల, గనులు, అడవులు, విపత్తు నిర్వహణ, 2020 చివర మన రాష్ట్రంలో డ్రోన్లతో మొదలైన భూముల రీసర్వే వంటి వాటన్నింటిలో ఈ నైపుణ్యం అవసరమే. పొరుగున పాత ప్రకాశం జిల్లా వైపు చూస్తే ఫ్లోరైడ్ పీడించిన కనిగిరి ప్రాంతపు భూగర్భ జలాలు, చీమకుర్తి గ్రానైట్ క్వారీలు, సుమారు ఐదు వందల ఏళ్ల నాటి కంభం చెరువు, ఇవన్నీ జీవితకాలం పరిశోధించదగిన విషయాలు. మన తీరంలో వేటకు వెళ్లేవారికి చేపలు ఎక్కడ దొరకవచ్చో తెలిపే సమాచారం కూడా ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉష్ణోగ్రత, నీటిలోని పత్రహరితం ఆధారంగా హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచార సేవల జాతీయ కేంద్రం) తయారు చేస్తున్నదే.

ఆడపిల్లకు కుదురుతుందా అన్న సందేహానికి 2012లో నింగికెక్కిన రాడార్ ఉపగ్రహం రీశాట్-1 ప్రాజెక్టు డైరెక్టర్ వలర్మతిగారి పేరు చెబితే సరిపోతుంది. పనిలో ఎక్కువ భాగం ప్రయోగశాలలో, కంప్యూటర్ ముందు జరుగుతుంది. అప్పుడప్పుడు పొలాలకూ కొండలకూ వెళ్లాల్సి వస్తుంది, మీ అమ్మాయికి పొలం కొత్త కాదు.

మీ అబ్బాయికి ఒక అవకాశం దగ్గరలోనే ఉంది. తొమ్మిదో తరగతి విద్యార్థుల కోసం ఇస్రో 2019లో యువికా అనే కార్యక్రమం మొదలుపెట్టింది. వేసవి సెలవుల్లో సుమారు రెండు వారాలు ఇస్రో కేంద్రాల్లో ఉంచి నేర్పిస్తారు. ఎనిమిదో తరగతి మార్కులు ఎంపికలో లెక్కకు వస్తాయి, గ్రామీణ బడుల పిల్లలకు అదనపు ప్రాధాన్యం ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది మార్కులను అతడు తేలిగ్గా తీసుకోకూడదు.

మీ అమ్మాయి ఇంటర్మీడియట్‌లో చేరే లోపు ఒక పని చేయించండి. ఉపగ్రహ చిత్రాలు, పటాలు చూపే ఇస్రో వారి భువన్ వెబ్‌సైట్‌లో మీ ఊరిని వెతికి చూడమనండి. పటాలు తయారు చేసే క్యూజిస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను బడిలోని కంప్యూటర్‌లోనో, తెలిసినవారి దగ్గరో వేయించి, ఏడాది పొడవునా తీసిన సెంటినెల్ చిత్రాల్లో మీ ఐదెకరాలను గుర్తించమనండి. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని, నీరు పెట్టిన రోజు, నాట్లు వేసిన రోజు, కోత కోసిన రోజు, గుంటలో రొయ్య పిల్ల వదిలిన రోజు, పట్టిన రోజు, ఎండబెట్టిన రోజు తేదీలతో సహా రాయాలి. ఈ రంగంలో దీన్నే గ్రౌండ్ ట్రూత్ అంటారు. అది లేకుండా చేసిన పటాన్ని ఏ శాస్త్రవేత్తా నమ్మడు. ఆ తేదీలు ఆమెకు ఏ వెబ్‌సైట్‌లోనూ దొరకవు, కాబట్టి గత ఏడాదివి మీరే పక్కన కూర్చుని చెప్పాలి.