బోరింగులు మ్యాపు చేయబోతున్న చిట్టికి

చిట్టీ,

నువ్వు కొత్త ఉద్యోగంలో మన కనిగిరి వైపే ఊరూరా తిరిగి బోరింగులు, కుళాయిలు, మరుగుదొడ్లు అన్నీ ఫోన్‌లో మ్యాపు చేస్తావట. నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. వాడి సంతోషం పట్టలేకపోయాం. నాకూ అంతే అనుకో. కాకపోతే పడుకున్నాక టెన్షన్ పట్టుకుంది. బోరింగులు రిపేరు చేసుకుంటూ బతికినవాణ్ణి కదా, ఆ మ్యాపుల వల్ల మంచీ చూశాను, చెడూ చూశాను.

తేలికవి ముందు చెప్పేస్తా. ఆరుబయట నిలబడి, లొకేషన్ కుదురుకున్నాకే నొక్కు. రేకుల షెడ్డు కింద నొక్కితే బోరింగు పక్క వీధికి పోతుంది. అంకెలు చేత్తో ఎక్కించాల్సి వస్తే ఏది ముందు అడుగుతున్నారో చూసుకో. మనకు అక్షాంశం 15, రేఖాంశం 79. తిరగేశావంటే కనిగిరి బోరింగు ఉత్తర ధ్రువం వైపున్న స్వాల్‌బార్డ్ మంచు దీవుల్లో తేలుతుంది! పవర్ బ్యాంకు మర్చిపోకు.

ఇక అసలు సంగతి. చాలా ఏళ్ల కిందట, చేతిలో పట్టుకునే జీపీఎస్ మిషన్లు కొత్తగా వచ్చిన రోజుల్లో, ఒక ఆఫీసు వాళ్లు మండలమంతా తిరిగి మ్యాపు చేశారు. ఏ ఆఫీసో ఇప్పుడెందుకులే. కార్తీక మాసం, వానలు బాగా పడ్డాయి. ఏ బోరింగు కొట్టినా నీళ్లు దూకుతున్నాయి. ఫారంలో ప్రశ్న ఒక్కటే: పనిచేస్తోందా, లేదా? చేస్తే పచ్చ చుక్క. ఒక ఊళ్లో ఎస్సీ కాలనీ మొదట్లో ఉన్న బోరింగుకు ఎర్ర రంగు వేసి ఉండేది. ఫ్లోరైడ్ ఎక్కువ, తాగొద్దని దాని అర్థం. ఎండకూ వానకూ ఆ రంగు పోయి, పంపు తలకాయ అడుగున మాత్రం చిన్న చారలా మిగిలింది. వంగి చూస్తే తప్ప కనపడదు. వచ్చిన కుర్రాడు నాలుగుసార్లు కొట్టాడు, నీళ్లు పడ్డాయి, పచ్చ చుక్క పెట్టుకుని వెళ్లిపోయాడు.

అప్పుడు అక్కడే చప్టా మీద ఒకావిడ అంట్లు తోముకుంటోంది. తర్వాత నేను వాషర్లు మార్చడానికి వెళ్తే ఆవిడే చెప్పింది: 'ఇవి గిన్నెలకే అన్నా, తాగడానికి తోటబావికి పోతాం' అని. ఆ తోటబావి ఎంత దూరమనుకున్నావు? రెండు కిలోమీటర్లు. ఆ మాట ఆవిణ్ణి ముందే ఎవరన్నా అడిగి ఉంటే!

అప్పట్లో మనిషికి రోజుకు 40 లీటర్లు, 250 మందికి ఒక బోరింగు అని లెక్క. ఆ లెక్కన కాగితం మీద ఆ ఊరికి నీళ్లు సరిపోయాయి. పైపు నీళ్లు ముందు ఏ ఊళ్లకివ్వాలో జాబితా వేసినప్పుడు అది అడుక్కి పోయింది. ఎండాకాలం ట్యాంకరు పంపమంటే 'మీకు బోరింగులున్నాయి కదయ్యా' అన్నారు. మ్యాపు లేనప్పుడు వాదించడానికన్నా ఉండేది. గోడ మీద రంగుల మ్యాపు చూపించేసరికి సర్పంచికి నోరు పెగల్లేదు. తోటబావికి నడవలేని ముసలాళ్లు, నీళ్లు తెచ్చిపెట్టే దిక్కులేని పిల్లలు ఆ బోరింగు నీళ్లే తాగారు. నవ్వితే ఆ పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు. పళ్లతో పోతే పర్వాలేదు, ఎముకలకు పట్టిందంటే నడుమే వంగదు. దేశంలో మనుషులకు ఈ ఫ్లోరైడ్ జబ్బుందని మొదట బయటపడింది 1937లో, నెల్లూరు జిల్లాలో. కనిగిరి కూడా అప్పుడు నెల్లూరులోదే. ఇన్నేళ్లుగా తెలిసిన జబ్బు, ఒక్క పచ్చ చుక్క కింద దాగిపోయింది చూడు.

అందుకని, 'పనిచేస్తోందా' కింద ఇంకో మూడు గడులు పెట్టించు: ఈ నీళ్లు ఎవరు తాగుతున్నారు, దేనికి వాడుతున్నారు, ఏ నెలలో ఆగిపోతాయి. మీ సారు ఫారం పొడుగవుతుందని విసుక్కుంటే విసుక్కోనీ. సమాధానం సర్పంచి ఇంటి అరుగు మీద కూర్చుని రాసుకోవద్దు. బిందె పట్టుకున్న మనిషిని అడుగు. టెస్టు కిట్టు ఇస్తే ఫ్లోరైడ్ చూడు, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే అది తాగేది కాదు. ప్రతి చుక్కకూ తేదీ వెయ్యి.

కుళాయిలకైతే నీళ్లొదిలే వేళకే వెళ్లు. అదీ లైనులో చివరి ఇంటికి. ఇప్పుడు మనిషికి 55 లీటర్లంటున్నారు కదా, ట్యాంకు పక్క ఇంట్లో బిందెలు పొంగిపోతాయి, చివరి ఇంట్లో గాలే వస్తుంది. క్లోరిన్ కూడా అక్కడే చూడు, లీటరుకు 0.2 మిల్లీగ్రాములన్నా ఉండాలి.

మరుగుదొడ్ల దగ్గర కాస్త మర్యాదగా మసులుకో తల్లీ. ఇదివరకు ఇంటాయన్ని దాని ముందు నిలబెట్టి ఫొటో తీసేవాళ్లు. లోపల చూస్తే కట్టెలు, పిడకలు! వాడుతున్నారా అని ఇంట్లో ఆడవాళ్లని విడిగా అడుగు. మరుగుదొడ్డి లేనివాళ్ల పేర్లు మాత్రం అందరూ చూసే మ్యాపులో పెట్టొద్దు, ఊళ్లో తలెత్తుకోలేరు. గుంతకూ తాగే బోరుకూ మధ్య 10 మీటర్లన్నా లేకపోతే అది తప్పక గుర్తు పెట్టు. అలాంటివి మ్యాపులో పట్టుబడినంతగా కాగితం లెక్కల్లో పట్టుబడవు.

ఇంకొకటి, ఎవరూ అడగకపోయినా చెయ్యి. మూత లేని పాడుబోర్లు ఎక్కడ కనిపించినా వాటికీ ఒక చుక్క పెట్టి, అదే రోజు పంచాయతీలో చెప్పు. వాటిని మూసెయ్యాలని 2010లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా పిల్లలు పడ్డారన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. అలాంటి వార్త విన్న రాత్రి నాకు నిద్ర ఉండదు. నువ్వు కూడా ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడవొద్దు. తుమ్మచెట్ల మధ్య ఒరలు లేని బావులుంటాయి మన వైపు. చిన్నప్పుడూ అంతే, ఎటో చూస్తూ నడిచేదానివి.

మొదలుపెట్టే ముందు ఆ ఫారం నాకు వాట్సాప్‌లో పంపు. ఇంగ్లీషులో ఉన్నా పర్లేదు, మీ పెద్దమ్మ చదివి చెబుతుంది. ఏ రోజు బయల్దేరతావో చెబితే మొదటి రెండు ఊళ్లకూ నేనూ వస్తాను. బండి నువ్వే నడుపుదువుగాని.

మీ పెదనాన్న