మైసెల్స్ చేసే ముందు తేమ సంగతి చూసుకో

అమ్మలూ,

ఎం.ఫార్మ్ ప్రాజెక్టుకి కర్క్యుమిన్ (పసుపులోని రంగు పదార్థం) మైసెల్స్, అంటే మందుని లోపల దాచే అతి చిన్న పాలిమర్ ఉండలు, ఎంచుకున్నావట, సంతోషం. నీటిని ఇష్టపడే పెగ్, నీటికి దూరంగా ఉండే పీఎల్ఏ (పాలీలాక్టిక్ యాసిడ్) కలిసిన ఎంపెగ్-పీఎల్ఏ పాలిమర్ నీళ్లలో పడగానే తనంతట తానే ఉండ కడుతుంది. పీఎల్ఏ కొసలు లోపలికి, పెగ్ కొసలు నీటివైపుకి తిరుగుతాయి. నీటిలో కరగని మందు మధ్యలో ఉండిపోతుంది. 2007లో దక్షిణ కొరియాలో అనుమతి పొందిన జెనెక్సాల్-పీఎం అనే క్యాన్సర్ మందు ఈ పాలిమర్‌తో చేసిందే.

మన విశాఖలో ముందు జాగ్రత్త పడాల్సింది తేమతో. నీరు తగిలితే పీఎల్ఏ గొలుసు తెగుతుంది. పాలిమర్‌ని మైనస్ 20 డిగ్రీల్లో ఉంచు, కానీ ఫ్రీజర్‌లోంచి తీయగానే మూత తియ్యకు. ఈ ఉక్కలో చల్లటి పొడిమీద క్షణాల్లో చెమ్మ చేరుతుంది. డెసికేటర్‌లో (తేమ పీల్చే మూతపాత్రలో) గది వేడికి వచ్చాకే తెరువు. సీసా వచ్చిన రోజే చిన్న వయల్స్‌లోకి పంచేసుకుంటే మళ్లీ మళ్లీ తెరిచే పని ఉండదు.

95 మి.గ్రా. పాలిమర్, 5 మి.గ్రా. కర్క్యుమిన్ 5 మి.లీ. అసిటోన్‌లో కరిగించు. అసిటోనైట్రైల్ వద్దు, మందులో దాని అవశేషం 410 పీపీఎం (పది లక్షల్లో 410 భాగాలు) దాటకూడదు, అసిటోన్‌కైతే 5000 దాకా వెసులుబాటుంది. ఫ్లాస్క్‌ని తిప్పుతూ వాక్యూమ్‌లో ద్రావకాన్ని ఆవిరి చేసే రోటావేపర్‌లో నీళ్ల బాత్ 40 డిగ్రీలు ఉండాలి. వాక్యూమ్ మెల్లగా పెంచు, లేకపోతే ద్రావణం పొంగి కండెన్సర్‌లోకి పోతుంది. మే నెలలో ట్యాంకు నీళ్లు వేడిగా వస్తాయి, వాటితో అసిటోన్ చల్లబడదు. చిల్లర్ లేకపోతే ఐసు నీళ్లు తిప్పు. అసిటోన్ పోయాక ఫ్లాస్క్ గోడకి మిగిలే పలచటి పొర, అంటే ఫిల్మ్, పసుపుపచ్చగా, పారదర్శకంగా ఉండాలి. చుక్కలు కనిపిస్తే మందు స్ఫటికమైందన్నమాట. రాత్రంతా వాక్యూమ్‌లో ఆరనిచ్చి, 60 డిగ్రీల నీళ్లు 5 మి.లీ. పోసి, వాక్యూమ్ లేకుండా తిప్పు.

చల్లారాక 0.22 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టు. ఈ మెట్టు ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకు. మైసెల్‌లోకి చేరని కర్క్యుమిన్ ఫిల్టర్ మీదే ఆగిపోతుంది. వడకట్టకుండా కొలిస్తే ఆ ముద్దలు కూడా లెక్కలోకొచ్చి, మందంతా లోపలికి చేరినట్టే కనిపిస్తుంది. వడకట్టినదాన్ని మెథనాల్‌లో విప్పి స్పెక్ట్రోఫోటోమీటర్‌లో 425 నానోమీటర్ల దగ్గర అది కాంతిని ఎంత పీలుస్తుందో కొలువు.

కణాల సైజు కొలిచే డీఎల్ఎస్‌లో (డైనమిక్ లైట్ స్కాటరింగ్) చెదిరే కాంతి తీవ్రత కణం సైజుకి ఆరో ఘాతంతో పెరుగుతుంది. అందుకే నాలుగు ధూళి కణాలున్నా గ్రాఫ్‌లో పెద్ద శిఖరం లేస్తుంది. సెల్ శుభ్రంగా కడుగు, పలచన చేసే నీళ్లు కూడా వడకట్టు. మరీ పలచన చేశావో, మైసెల్స్ విడిపోతాయి.

మైసెల్స్‌ని డయాలిసిస్ సంచిలో (సన్న రంధ్రాల పొర సంచిలో) పోసి, మందు బయటి బఫర్‌లోకి ఎంత వేగంగా వస్తుందో చూసే రిలీజ్ పరీక్షలో ఇంకో చిక్కుంది. పీహెచ్ 7.4 బఫర్‌లో సీరం లేకపోతే కర్క్యుమిన్ అరగంటలోనే చాలావరకు పాడైపోతుంది. బయట మందు కనిపించలేదంటే విడుదల కాలేదనుకోకు. బఫర్‌లో 0.5 శాతం ట్వీన్ 80 (సబ్బులాంటి సర్ఫాక్టెంట్) కలుపు, బీకరుకి ఫాయిల్ చుట్టు. పక్కనే మైసెల్స్ లేని ఉత్త కర్క్యుమిన్‌తో ఇంకో డయాలిసిస్ సంచి పెట్టు. ఆ సంచిలోంచే మందు ఆలస్యంగా వస్తోందంటే నీ మైసెల్స్‌ని కాదు, పొరని కొలుస్తున్నావని అర్థం. అప్పుడు సంచి మార్చి మళ్లీ మొదలుపెట్టు.

మీ మావయ్య