మోగని ఫోన్ కౌంటర్ మీదికొస్తే ముందు చార్జర్ పీకెయ్ బిడ్డా

బిడ్డా, షాపు సంగతులన్నీ మీ అమ్మ చెప్పింది. అచ్చంపేటలో గిరాకీ బాగానే ఉందట, సంతోషం. కానీ "లాక్ పడితే కాల్స్ మోగట్లేదు" అని వచ్చిన ఫోన్లను నువ్వు చూసి బాగున్నాయని పంపిస్తే, రెండు రోజులకే అవే ఫోన్లు అదే కంప్లైంట్‌తో తిరిగొస్తున్నాయని, దాంతో నువ్వు పరేషాన్ అవుతున్నావని కూడా చెప్పింది. నల్లగొండ ప్రకాశం బజార్‌లో ఇన్నేళ్లుగా ఇదే పని చేస్తున్నవాడిగా చెప్తున్నా, ఆ ఫోన్లలో చాలావాటికి స్పీకర్ పోలేదు, బోర్డు పోలేదు. నీ దగ్గర మోగిన మాట నిజం, వాళ్ల ఇంట్లో మోగని మాటా నిజం.

ఫోన్ చేతికి రాగానే మనం చేసే మొదటి పని చార్జర్ గుచ్చడం. అక్కడే అసలు రోగం దాక్కుంటుంది. ఆండ్రాయిడ్ 6 నుంచి, అంటే 2015 నుంచి, ఫోన్లలో డోజ్ అని బ్యాటరీ పొదుపు ఏర్పాటు ఒకటి ఉంది. చార్జర్ లేకుండా, స్క్రీన్ ఆరి, ఫోన్ కదలకుండా కొంతసేపు ఒకచోట పడి ఉంటే అది యాప్‌లకు నెట్ ఆపేస్తుంది, మధ్యమధ్యలో కాసేపు వదిలి మళ్లీ ఆపుతుంది. ఆ మరుసటి ఏడు ఆండ్రాయిడ్ 7 వచ్చాక జేబులో కదులుతున్నా సరే, స్క్రీన్ ఆరి ఉంటే కొంతవరకు ఆపుతోంది. చార్జింగ్‌లో ఉన్న ఫోన్‌కు మాత్రం ఈ డోజ్ వర్తించదు. అందుకే నీ కౌంటర్ మీద అన్నీ టకటకా మోగుతాయి, వాళ్లింట్లో గూట్లో పెట్టిన ఫోన్ మోగదు. కాబట్టి చార్జర్ తీసి, లాక్ చేసి, బల్ల మీద పక్కన పెట్టి, అరగంటో గంటో ముట్టుకోకుండా వదిలెయ్. తర్వాత ఇంకో ఫోన్ నుంచి, మోగట్లేదన్న ఆ యాప్‌లోనే కాల్ చెయ్. మోగలేదంటే రోగం దొరికినట్టే. మోగినా వెంటనే ఇచ్చి పంపకు, వీలైతే రాత్రంతా ఉంచుకుని పొద్దున ఇంకోసారి చూడు.

దానికంటే ముందు ఒక ప్రశ్న అడగాలి. "ఫోన్ వస్తలేదు" అని జనం మామూలు కాల్‌ను, వాట్సాప్ కాల్‌ను రెంటినీ కలిపే అంటారు. మామూలు కాల్ మోగుతోందా లేదా అని విడిగా అడుగు. డోజ్‌లో ఉన్నా సిమ్ మీద వచ్చే కాల్ మోగాల్సిందే, దాన్ని డోజ్ ఆపదు. అది కూడా మోగట్లేదంటే డు నాట్ డిస్టర్బ్, సైలెంట్, సిగ్నల్, రింగర్, ఈ దారిలో వెతకాలి. అది మోగుతూ నెట్ కాల్ ఒక్కటే మోగట్లేదంటేనే మనం ఇప్పుడు మాట్లాడుకునే సంగతి.

ఆ తర్వాత ఒక యాప్‌తోనే ఇబ్బందా, అన్నిటితోనా అని చూడు. వాట్సాప్, టెలిగ్రామ్, మెయిల్ ఇలా ఏ యాప్‌దైనా సరే, మెసేజ్ వచ్చిందని ఫోన్‌ను లేపే కబురు చాలావరకు గూగుల్ వాళ్ల ఒకే దారిలో వస్తుంది, ఊళ్లకు పోయే పార్సిళ్లన్నీ ముందు బస్టాండ్ కార్గో కౌంటర్‌లో దిగినట్టు. ఆ దారిని నడిపేది గూగుల్ ప్లే సర్వీసెస్. ఎవరో బ్యాటరీ తింటోందని దాన్ని రిస్ట్రిక్ట్ చేసినా, డేటా సేవర్ పెట్టి దాని బ్యాక్‌గ్రౌండ్ డేటా ఆపినా అన్ని యాప్‌లూ ఆలస్యమవుతాయి. అన్నీ సతాయిస్తుంటే బ్యాటరీ సేవర్, డేటా సేవర్, ప్లే సర్వీసెస్, ఈ మూడు చూడు. ఒక్కటే సతాయిస్తుంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ ఇన్ఫోలోకి పో.

యాప్ ఇన్ఫోలో బ్యాటరీ అని ఉంటుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి అందులో అన్‌రిస్ట్రిక్టెడ్, ఆప్టిమైజ్డ్, రిస్ట్రిక్టెడ్ అని మూడుంటాయి. కాల్ రావాల్సిన యాప్‌కు అన్‌రిస్ట్రిక్టెడ్ పెట్టు. అయితే ఇది పెట్టినంత మాత్రాన అయిపోదు, ఎందుకంటే కంపెనీలు తమ సొంత పొదుపు ఏర్పాట్లు పైనుంచి వేస్తాయి. షావోమి, రెడ్‌మీ, పోకోలో ఆటోస్టార్ట్ (యాప్‌ను దానంతట అదే లేవనిచ్చేది) వేరే, బ్యాటరీ సేవర్‌లో నో రిస్ట్రిక్షన్స్ వేరే, అదర్ పర్మిషన్స్‌లో "షో ఆన్ లాక్ స్క్రీన్" ఇంకా వేరే, మూడూ ఆ యాప్‌కు ఇవ్వాలి, ఈ మూడో దాన్ని చాలామంది చూడనే చూడరు. సామ్‌సంగ్‌లో స్లీపింగ్ యాప్స్, డీప్ స్లీపింగ్ యాప్స్ అని లిస్టులుంటాయి, డీప్ స్లీప్‌లో పడ్డ యాప్ మనం తెరిచేదాకా లేవదు, దాన్ని అక్కడినుంచి తీసి ఎప్పుడూ నిద్రపోకూడని లిస్టులో వెయ్యి. ఒప్పో, రియల్‌మీలో ఆటో లాంచ్, బ్యాక్‌గ్రౌండ్ యాక్టివిటీ రెండూ ఆన్ చెయ్. వివోలో బ్యాక్‌గ్రౌండ్ పవర్ కన్సంప్షన్ అనే పేరుతో ఉంటుంది. మోడల్ మోడల్‌కూ పేర్లు, చోట్లు మారుతుంటాయి, కాబట్టి సెట్టింగ్స్ పైన వెతికే డబ్బాలో బ్యాటరీ అనో ఆటో అనో కొట్టి చూడటం అలవాటు చేసుకో. ఒకేసారి పది మార్చకు. ఒకటి మార్చి, లాక్ చేసి, పక్కన పెట్టి చూడు, లేకపోతే ఏది పనిచేసిందో నీకే తెలియదు, రేపు అదే మోడల్ ఇంకోటి వస్తే మళ్లీ మొదటి నుంచి వెతకాలి.

పాలమూరు వైపు ఇంకొక సంగతి ఉంది, దీన్ని మనసు పెట్టి విను. మన దగ్గర ఎంతమంది పిల్లలు ముంబైకో, పుణెకో, గల్ఫ్‌కో పోయి పని చేస్తున్నారో నీకు తెలుసు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ నడవదు కాబట్టి బోటిమ్ లాంటి యాప్ వేసి పోతారు. ఇంట్లో తల్లి ఆ యాప్‌ను తనంతట తాను ఎప్పుడూ తెరవదు, కొడుకు చేస్తే ఎత్తడమే. ఆండ్రాయిడ్ 9 నుంచి, అంటే 2018 నుంచి, ఫోన్ మనం ఏ యాప్ ఎంత తరచుగా వాడతామో చూసి, అరుదుగా వాడేదాన్ని వెనక్కి నెడుతుంది. నెలల తరబడి తెరవకపోతే ఆండ్రాయిడ్ 11 నుంచి దాని పర్మిషన్లే తీసేస్తుంది, మైక్ కూడా పోతుంది. అంటే ఆ తల్లికి అన్నిటికన్నా ముఖ్యమైన యాప్ ఫోన్ లెక్కలో పనికిరాని యాప్ అయిపోవచ్చు. యాప్ ఇన్ఫోలో కింద, వాడకపోతే యాప్‌ను ఆపేసే స్విచ్ ఒకటి ఉంటుంది, పెద్దవాళ్ల ఫోన్ ఏది వచ్చినా అడగకపోయినా సరే ఆ యాప్‌కు దాన్ని ఆఫ్ చేసి పంపు. కొడుకు నంబర్ నుంచి ఒకసారి చేయించి, లాక్ మీద మోగిందని వాళ్ల కళ్లతో చూశాకే ఫోన్ చేతికియ్యి.

శబ్దం వస్తుంది కానీ లాక్ మీద ఎత్తే బటన్ కనబడదు అనేవాళ్లూ వస్తారు. అది నోటిఫికేషన్ సంగతి. ఆండ్రాయిడ్ 13 నుంచి ప్రతి యాప్ నోటిఫికేషన్‌కు అనుమతి అడుగుతుంది, ఎవరో వద్దు అని నొక్కి ఉంటారు. ఆండ్రాయిడ్ 14లో స్క్రీన్ నిండా కనబడటానికి ఇంకో అనుమతి వచ్చింది, కాల్స్, అలారం యాప్‌లకే అది దానంతట అదే దొరుకుతుంది, మిగతావాటికి మనం ఇవ్వాలి. ఇవి సరిచేసేటప్పుడు లాక్ స్క్రీన్ మీద మెసేజ్ లోపలి మాటలు కనబడకుండా దాచి ఉంచు. ఓటీపీ లాక్ మీద కనబడితే ఫోన్ ఎవడి చేతిలో ఉంటే వాడిదే ఓటీపీ.

రాత్రి ఫోన్ ఆరిపోయి పొద్దున ఆన్ అయితే, లేదా దానంతట అదే రీస్టార్ట్ అయితే, పిన్ కొట్టేదాకా లోపలి డేటా తాళంలోనే ఉంటుంది. అప్పుడు కాల్ వస్తే పేరు కనబడదు, నంబరే వస్తుంది, వాట్సాప్ మెసేజ్‌లు రావు, బయటి అలారం యాప్‌లు మోగకపోవచ్చు. "కాంటాక్ట్స్ అన్నీ పోయినయ్" అని ఏడుస్తూ వచ్చేవాళ్లలో కొందరిది ఇదే. ఒకసారి లాక్ తీస్తే అన్నీ వస్తాయి. రీస్టార్ట్ తర్వాత వేలిముద్ర తీసుకోకపోవడం కూడా లోపం కాదు, ముందు పిన్ కావాలి, మామూలుగా కూడా మూడు రోజులకొకసారి పిన్ అడుగుతుంది. పిన్ మరిచిపోయినవాళ్లకే కష్టం, అందుకే ముద్ర ఒక్కటే నమ్ముకోవద్దని చెప్పు. పత్తి ఏరి, మట్టి పని చేసి వేళ్లు అరిగినవాళ్లకు ముద్ర సరిగా పడదు. ఫోన్ ఒప్పుకుంటే ఒకే వేలిని రెండుసార్లు ఎక్కించు, రెండో చేతి వేలు కూడా ఎక్కించు. స్క్రీన్ కింద సెన్సర్ ఉన్న ఫోన్‌కు మందపాటి టెంపర్డ్ గ్లాస్ వేయకు. లాక్ తీయబోతే చెవి భాగాన్ని మూయొద్దని రాసి ఆగిపోయే ఫోన్లుంటాయి, అక్కడ గ్లాస్ కింద దుమ్ము చేరి ప్రాక్సిమిటీ సెన్సర్‌ను (ఫోన్ చెవి దగ్గర పెడితే స్క్రీన్ ఆర్పేది) కప్పి ఉంటుంది, గ్లాస్ తీసి తుడిస్తే చాలు.

అమ్రాబాద్, పదర వైపు గూడేల నుంచి, తండాల నుంచి వచ్చే ఫోన్లలో ఇంకో చిక్కు. సిగ్నల్ సరిగా లేనిచోట ఫోన్ టవర్ కోసం వెతుకుతూనే ఉంటుంది, దాంతో బ్యాటరీ పొద్దుగూకకముందే అయిపోతుంది, బ్యాటరీ అయిపోతోందని వాళ్లు బ్యాటరీ సేవర్ ఎప్పటికీ ఆన్‌లో పెట్టుకుంటారు, దాంతో మెసేజ్‌లు ఆగుతాయి, చాలా ఫోన్లలో స్క్రీన్ ఆరగానే లొకేషన్ కూడా ఆగుతుంది. అలాంటివాళ్లకు బ్యాటరీ సేవర్ తీసేయమని ఊరికే చెప్తే మధ్యాహ్నానికి ఫోనే ఆరిపోతుంది. బ్యాటరీ పాతదైతే మార్చమని చెప్పు, సేవర్‌ను 20 శాతం దగ్గర దానంతట అదే ఆన్ అయ్యేలా పెట్టు, సిగ్నల్ అసలే లేని పొలం దగ్గర ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచుకోమను. బైకు మీద డెలివరీ చేసే పిల్లలకు మాత్రం సేవర్ పూర్తిగా ఆపి, ఆ యాప్‌కు లొకేషన్ "ఎప్పుడూ" అని ఇచ్చి, బండికి చార్జర్ పెట్టించుకోమని చెప్పు.

కొన్ని పనులు మాత్రం చేయకు బిడ్డా. గిరాకీ తొందర పెడుతున్నాడని స్క్రీన్ లాకే తీసేసి ఇవ్వకు, ఆ ఫోన్‌లో వాళ్ల బ్యాంకు ఉంటుంది. సెట్టింగ్ దొరకలేదని ఫ్యాక్టరీ రీసెట్ కొట్టకు, పోయిన ఫొటోలను నువ్వు తెచ్చివ్వలేవు. క్లీనర్, బూస్టర్ యాప్‌లు కనబడితే వాళ్లకు చెప్పి తీసెయ్, చాలాసార్లు వాట్సాప్‌ను చంపేది అవే. రోజూ రీసెంట్స్‌లో, అంటే ఇప్పటిదాకా తెరిచిన యాప్‌ల లిస్టులో, "క్లియర్ ఆల్" నొక్కే అలవాటు మాన్పించు, కొన్ని కంపెనీల ఫోన్లలో అలా తోసేస్తే యాప్ పూర్తిగా ఆగిపోతుంది. ఫోర్స్ స్టాప్ కొడితే ఏ ఫోన్‌లోనైనా అంతే, మళ్లీ చేత్తో తెరిచేదాకా దానికి ఏ కబురూ అందదు.

ఐఫోన్ వస్తే లో పవర్ మోడ్ చూడు, బ్యాటరీ గుర్తు పసుపు రంగులో ఉంటుంది, చార్జింగ్‌లో 80 శాతం దాటితే దానంతట అదే ఆగిపోతుంది. కాల్స్ మోగకపోతే ఫోకస్ (ఐఫోన్‌లో డు నాట్ డిస్టర్బ్ లాంటిది) ఆన్‌లో ఉందేమో చూడు, ఎక్కువసార్లు అదే. కంప్యూటర్‌కు పెట్టినప్పుడు ఫొటోలు కనబడకపోతే ఐఫోనైనా ఆండ్రాయిడ్ అయినా ముందు లాక్ తీయాలి, ఆండ్రాయిడ్‌లో అయితే చార్జింగ్ ఓన్లీ అని ఉన్నదాన్ని ఫైల్ ట్రాన్స్‌ఫర్‌కు మార్చాలి.

ఇక పైసల సంగతి. స్పేర్ పార్ట్ వేయలేదు కదా అని ఊరికే చేసి పంపకు, నీ సమయానికి విలువ ఉంది, కానీ ఎంత తీసుకుంటావో ఫోన్ ముట్టుకోకముందే చెప్పు, లేని రిపేర్ పేరు చెప్పి బిల్లు మాత్రం రాయకు. ఏ మోడల్‌లో ఏ సెట్టింగ్ మారిస్తే మోగిందో ఒక నోట్‌బుక్‌లో రాసుకో. పెద్ద అప్‌డేట్ పడ్డాక కొన్ని ఫోన్లలో ఈ సెట్టింగ్‌లు మళ్లీ మొదటికొస్తాయి, అప్పుడు తీసుకురమ్మని, దానికి మళ్లీ పైసలు అడగనని ముందే చెప్పు. ఆదివారం మధ్యాహ్నం నా షాపు బంద్ ఉంటుంది, ఏదైనా తెగని ఫోన్ ఉంటే అప్పుడు వీడియో కాల్ చెయ్, సెట్టింగ్స్ తెరిచి చూపిస్తే ఇద్దరం కలిసి చూద్దాం.

ఇట్లు
మీ మామ