నేల కుంగుబాటును ఉపగ్రహంతో కొలిచే చదువు: అరవై వేలు కట్టాలా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. మా అమ్మాయి నల్లగొండలో బీఎస్సీ చివరి ఏడాది చదువుతోంది. గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్స్ సబ్జెక్టులు. బోర్లతో నీళ్లు తోడితే నేల కుంగుతుందట, దాన్ని శాటిలైట్ రాడార్‌తో కొలుస్తారట, అదే చదువుతానంటోంది. హైదరాబాద్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ ఆరు నెలల కోర్సుకు అరవై వేలు అడుగుతోంది. కట్టమంటారా? ఉద్యోగాలు వస్తాయా?

జవాబు: నమస్కారమండి. ఆ డబ్బు ఇప్పుడే కట్టకండి. ఇలాంటి చిన్న కోర్సుల్లో చాలావరకు సాఫ్ట్‌వేర్‌లో ఏ బటన్ తర్వాత ఏది నొక్కాలో నేర్పుతారు. ఆ సాఫ్ట్‌వేర్ ‘స్నాప్’ ఉచితం. యూరప్ సెంటినెల్-1 ఉపగ్రహం పంపే డేటా కూడా ఉచితమే. డబ్బు పెట్టి నేర్వాల్సింది దాని వెనకున్న భౌతికశాస్త్రం.

ఆ ఉపగ్రహం 12 రోజులకోసారి అదే చోటికి వచ్చి 5.6 సెంటీమీటర్ల పొడవున్న రాడార్ తరంగాన్ని కిందికి పంపుతుంది. రెండు వేర్వేరు రోజుల్లో తిరిగొచ్చిన తరంగాలను పోల్చితే నేల ఎంత కదిలిందో తెలుస్తుంది. ఆ పోలికతో తయారయ్యే చిత్రంలో ఒక రంగుల వలయం అంటే 2.8 సెంటీమీటర్ల కదలిక. ఏళ్ల తరబడి చిత్రాలు పేరిస్తే ఏడాదికి కొన్ని మిల్లీమీటర్ల కదలిక కూడా దొరుకుతుంది. ఢిల్లీ విమానాశ్రయం పక్కనున్న కపషేరాలో 2014–16 మధ్య నేల ఏడాదికి దాదాపు 11 సెంటీమీటర్లు, ఆ తర్వాతి రెండేళ్లలో ఏడాదికి 17 సెంటీమీటర్ల దాకా కుంగిందని ఇలాగే తేల్చారు. అక్కడ ఇసుక పొరల మధ్య బంకమట్టి ఉంది. నీళ్లు తోడేకొద్దీ అది అణిగిపోతుంది, మళ్లీ నీళ్లు చేరినా చాలావరకు లేవదు.

మీ అమ్మాయికి ఒక మాట ముందే చెప్పండి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో ఎక్కువ భాగం కింద ఉన్నది గ్రానైట్. నీళ్లుండేది పైనున్న మొరం పొరలో, రాతి పగుళ్లలో. బోర్లు ఎండుతాయి, నేల మాత్రం ఢిల్లీలా కుంగదు. పైగా వరి పొలం 12 రోజుల్లోనే రూపు మారిపోతుంది కాబట్టి అక్కడ ఈ తరంగం సరిగ్గా పోలిక ఇవ్వదు. 2025 జులై 30న శ్రీహరికోట నుంచి వెళ్లిన ఇస్రో-నాసా ఉపగ్రహం నైసార్‌లో 24 సెంటీమీటర్ల పొడవైన తరంగం కూడా ఉంది కనుక పంట పొలాల్లో కొంత మెరుగు. ఊరి బోర్ల కోసమే ఈ చదువు అనుకుంటే నిరాశ తప్పదు. గంగా మైదానం, గనులు, డ్యాములు, కొండచరియలు, మెట్రో పనులు, ఇవీ దీనికి అసలు చోట్లు.

అందుకే నా సలహా జియోఫిజిక్స్, అంటే భూమిని భౌతికశాస్త్రంతో చదవడం. పీజీ ప్రవేశ పరీక్ష సీపీగెట్ రాసి ఉస్మానియాలో ఎమ్మెస్సీకి ప్రయత్నించమనండి. గణితం, భౌతికశాస్త్రం ఉన్నాయి కదా, అదే పెద్ద బలం. ఆ డిగ్రీతో యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయొచ్చు. జియలాజికల్ సర్వేలో, కేంద్ర భూగర్భజల బోర్డులో జియోఫిజిక్స్ పోస్టులు దాని ద్వారానే భర్తీ చేస్తారు. రాడారే కావాలంటే తర్వాత డెహ్రాడూన్‌లోని ఇస్రో శిక్షణ సంస్థ ఐఐఆర్‌ఎస్‌లో ఎంటెక్ ఉంది. పరిశోధన వైపైతే ఉప్పల్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ఎన్‌జీఆర్‌ఐ. ఉపగ్రహ డేటా అందుకునే ఇస్రో వారి ఎన్‌ఆర్‌ఎస్‌సీ కేంద్రం కూడా ఎక్కడో లేదు, పాత పాలమూరు జిల్లా షాద్‌నగర్‌లోనే ఉంది.

ఉద్యోగాల సంగతి దాచను. అచ్చంగా ఈ పనికే పిలిచే నోటిఫికేషన్లు మన దేశంలో తక్కువ. ప్రభుత్వ పోస్టులూ వందల్లో ఉండవు. పైథాన్ ప్రోగ్రామింగ్ బాగా వస్తే మ్యాపింగ్, గనుల కంపెనీల వైపు తలుపు తెరిచే ఉంటుంది. కాబట్టి కంప్యూటర్స్ వదలొద్దనండి.

ఈలోపు ఐఐఆర్‌ఎస్ ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టే రిమోట్ సెన్సింగ్ (ఉపగ్రహాలతో నేలను పరిశీలించడం) తరగతుల్లో చేరమనండి. కపషేరా డేటా దింపుకుని ఆ కుంగుబాటు తనకు దొరుకుతుందేమో చూడమనండి. తర్వాత మీ మండలం డేటా. రెండో దాంట్లో ఏమీ దొరక్కపోయినా, ఎందుకు దొరకలేదో ఒక పేజీ రాయగలిగితే సీపీగెట్ దరఖాస్తు పెట్టించండి. రాయబుద్ధి కాకపోతే ఎమ్మెస్సీ కంప్యూటర్స్ గురించి మాట్లాడుకుందాం.