టెక్ సందేహాలు: వెన్న శాతం సరిగ్గా 6 వస్తే యాప్ ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: మా ఊరి పాల సేకరణ కేంద్రం కోసం ఫ్లట్టర్‌లో ఒక యాప్ తయారు చేస్తున్నాను. సర్వర్ పంపే జేసన్‌ను (సమాచారాన్ని పాఠ్యంగా పంపే రూపం) మ్యాప్‌గానే, అంటే పేరు-విలువ జతలుగానే ఉంచుకుని, ఏ తెరకు కావలసిన విలువను ఆ తెరలోనే తీసుకుంటున్నాను. అంతా బాగానే నడుస్తూ, అప్పుడప్పుడు వెన్న శాతం దగ్గర 'టైప్ ఇంట్ ఈజ్ నాట్ ఎ సబ్‌టైప్ ఆఫ్ టైప్ డబుల్' అనే దోషంతో ఆగిపోతోంది. మోడల్ క్లాసులు (సమాచారానికి అచ్చులాంటి నిర్మాణాలు) రాస్తే ఇది పోతుందా? వాటిని ఎలా రాయాలి?

జవాబు: పోతుంది, కాని క్లాసు ఉన్నంత మాత్రాన పోదు, అందులో ప్రతి విలువను ఎలా చదువుతున్నారన్నదే ముఖ్యం. వెన్న 6.5 వచ్చిన రోజు, ఫ్లట్టర్ వాడే భాష అయిన డార్ట్ దానిని డబుల్‌గా, అంటే దశాంశ సంఖ్యగా చదువుతుంది. సరిగ్గా 6 వచ్చిన రోజు, సర్వర్ జావాస్క్రిప్ట్‌లో రాసినదైతే, 6.0 అని కాక 6 అనే పంపుతుంది కనుక డార్ట్‌కు అది ఇంట్, అంటే పూర్ణాంకం అవుతుంది. మీ యాప్ అప్పుడప్పుడే ఆగడానికి కారణం ఇదే అయి ఉండాలి.

రైతు ఒక పూట పోసిన పాలకు ఒక క్లాసు రాయండి. దాని ఫీల్డులన్నీ ఫైనల్‌గా (ఒకసారి ఇచ్చాక మారనివిగా) ఉంచి, జేసన్‌ను చదివే పనిని 'ఫ్రమ్‌జేసన్' అనే ఫ్యాక్టరీ కన్‌స్ట్రక్టర్‌కు (ఆ క్లాసు వస్తువును తయారుచేసి ఇచ్చే భాగానికి) మాత్రమే అప్పగించండి. వెన్న శాతాన్ని అక్కడ ముందు నమ్‌గా (ఇంట్, డబుల్ రెండూ ఇమిడే రకం) తీసుకుని, తరువాత టుడబుల్‌తో మార్చితే 6 వచ్చినా 6.5 వచ్చినా ఒకటే. సభ్యుడి సంఖ్యను స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల వరుసగానే ఉంచాలి. ఇంట్‌గా మార్చితే 0042లోని ముందు సున్నాలు పోతాయి.

అసలు జాగ్రత్త పడవలసింది విలువ రానప్పుడు. పరీక్ష ఇంకా పూర్తికాక వెన్న శాతం నల్‌గా (విలువే లేకుండా) వస్తే, దోషం పోతుంది కదా అని చాలామంది అక్కడ సున్నా పెట్టేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. వెన్న సున్నా అంటే ఆ పూట పాలకు ధర కట్టడంలోనే తేడా వస్తుంది, తెల్లవారుజామున లేచి పాలు పిండిన మనిషి డబ్బు తగ్గుతుంది, యాప్ మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా నడుస్తూనే ఉంటుంది. ఆ ఫీల్డును డబుల్ పక్కన ప్రశ్నార్థకంతో ప్రకటించి, నల్‌ను నల్‌గానే ఉంచి, తెరపై 'పరీక్ష కాలేదు' అని చూపించండి. సభ్యుడి సంఖ్యే రాకపోతే మాత్రం ఆ పద్దును తిరస్కరించడమే సరైనది.

డబ్బును డబుల్‌లో దాచకండి. 0.1కి 0.2 కలిపితే డార్ట్‌లో 0.30000000000000004 వస్తుంది. చెల్లించవలసిన మొత్తాన్ని పైసలలో ఇంట్‌గా ఉంచి, తెరపై చూపేటప్పుడే రూపాయలుగా మార్చుకోండి.

తేదీ విషయంలో మీ యాప్‌కు ప్రత్యేకమైన ఒక చిక్కు ఉంది. ఉదయం 5.10కి పోసిన పాలను సర్వర్ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) నమోదు చేస్తే, మన సమయం అయిదున్నర గంటలు ముందుంటుంది కనుక, అది ముందురోజు రాత్రి 11.40 అవుతుంది. డేట్‌టైమ్‌పై టులోకల్ పిలవకుండా తేదీని చూపితే ఉదయం పూట పాలు నిన్నటి పద్దులో కనిపిస్తాయి. తిరిగి పంపేటప్పుడు కూడా ముందు టుయూటీసీ పిలవండి. స్థానిక సమయాన్ని నేరుగా ఐఎస్ఓ స్ట్రింగ్‌గా (తేదీ, సమయాలను రాసే ప్రామాణిక రూపం) మార్చితే అందులో ఏ సమయ మండలమో ఉండదు.

రిఫ్లెక్షన్‌తో (ప్రోగ్రామ్ నడుస్తుండగా తన క్లాసులను తానే పరిశీలించే పద్ధతితో) క్లాసును తానే నింపే లైబ్రరీల కోసం వెతకవద్దు. వాడని కోడ్‌ను తొలగించే పద్ధతికి అది అడ్డు కనుక ఫ్లట్టర్‌లో ఆ సౌకర్యం లేదు. జేసన్ సీరియలైజబుల్ వంటి ప్యాకేజీలు కోడ్‌ను ముందే తయారుచేసి ఇస్తాయి. నాలుగైదు క్లాసులే ఉంటే మాత్రం చేత్తో రాసుకోవడమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే ఏ ఫీల్డు నల్ కావచ్చో ఆలోచించే అవకాశం అప్పుడే దొరుకుతుంది.

పాత తెరలను మార్చే ముందు, సర్వర్ నుంచి వచ్చిన నిజమైన జవాబును ఒక ఫైలులో దాచి, అందులో ఒక పద్దుకు వెన్న 6గా, ఇంకొక దానికి నల్‌గా, మరొక దానికి సమయం 5.10 అయ్యేలా మార్చి, ఆ మూడింటిపై ఫ్రమ్‌జేసన్‌కు టెస్టులు రాయండి. అవి నెగ్గిన తరువాత ఒక్కొక్క తెరలో మ్యాప్‌ను తీసివేస్తూ రండి.