పాజిటివ్ వచ్చినవాళ్లు ఏమయ్యారు?

చిరంజీవికి ఆశీస్సులు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ స్క్రీనింగ్‌లో ఆరోగ్య కార్యకర్తల శిక్షణ మీద నువ్వు పంపిన వ్యాసం చదివాను. వాక్యం హాయిగా సాగింది. కానీ మూడో పేరాలో ‘ముందే కనిపెట్టినవారిలో ఐదేళ్ల మనుగడ రేటు పెరిగింది కాబట్టి స్క్రీనింగ్ ప్రాణాలు నిలుపుతోంది’ అన్నావు చూడు, ఆ ‘కాబట్టి’ దగ్గర నాకు కోపం వచ్చింది.

ఒక మనిషి 70వ ఏట క్యాన్సర్‌తో పోయాడనుకో. లక్షణాలు ముదిరి 67లో జబ్బు బయటపడితే మూడేళ్లు బతికినట్టు లెక్క. అదే జబ్బు పరీక్షలో 63కే దొరికితే ఏడేళ్లు. ఐదేళ్ల మనుగడ సున్నా నుంచి నూటికి నూరైంది, ఆయుష్షు మాత్రం ఒక్క రోజూ పెరగలేదు. దక్షిణ కొరియాలో పరీక్షలు పెరిగి, 1993తో పోలిస్తే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 15 రెట్లయ్యాయి, మరణాల రేటు ఉన్నచోటే ఉంది. స్క్రీనింగ్ గురించి రాసేటప్పుడు మరణాలే చూడు, అదీ పరీక్ష జరగని జనంతో పోల్చి.

టాటా మెమోరియల్ ఆసుపత్రి వాళ్లు ఈ గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీదే ముంబైలో చేసిన ట్రయల్ అలాంటిది. సుమారు లక్షన్నర మంది స్త్రీలు, పన్నెండేళ్లు. పరీక్ష జరగనివాళ్లలో ఏటా లక్షకు దాదాపు 16 మరణాలుంటే, జరిగినవాళ్లలో 11. అంటే 31 శాతం తక్కువ. నువ్వు రెండు లెక్కలూ రాస్తే ఎడిటర్లు 31ని శీర్షికకెక్కించి, 16నీ 11నీ కొట్టేస్తారు. ఒప్పుకోకు.

‘ఇంతమందికి శిక్షణ ఇచ్చారు’ అన్న అంకె నాకేమీ చెప్పదు. వీఐఏ అంటే ఆమ్లం అద్ది, తేడా ఉన్న కణాలు తెల్లబడతాయేమోనని కంటితో చూసే పరీక్ష. అందులో 3 నుంచి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం అద్ది నిండా ఒక నిమిషం ఆగాలి. వరుస పెద్దదైతే ఆ నిమిషమే కరిగిపోతుంది, తెల్లమచ్చ తేలకముందే ‘నెగటివ్’ అని రాసేస్తారు. ఇన్‌ఫెక్షన్ వాపు కూడా తెల్లబడి తికమక పెడుతుంది. 50 దాటినవారిలో చూడాల్సిన భాగం లోపలి నాళంలోకి జరిగిపోతుంది గనుక ఈ పరీక్షే వాళ్లకు పనికిరాదు. ఒకే ప్రాంతంలో ఒక కార్యకర్తకు నూటికి ఇద్దరు, ఇంకొకరికి ఇరవై మంది పాజిటివ్ వస్తుంటే, ఆ తేడా ఎవరు గమనిస్తున్నారు? శిక్షణ నాణ్యత అక్కడ తెలుస్తుంది.

ఇక నేను పట్టిన పట్టు ఒకటే: పాజిటివ్ వచ్చిన స్త్రీ ఏమైంది? మచ్చ పూర్తిగా కనిపిస్తూ, నాళంలోకి పాకకుండా, క్యాన్సర్ అనుమానం లేకుండా ఉంటే 100 డిగ్రీల థర్మల్ అబ్లేషన్, అంటే మచ్చను వేడితో మాడ్చెయ్యడం, 20–30 సెకన్లలో, అదే రోజు అయిపోతుంది. ‘పై వారం రండి’ అన్నారంటే కొందరు ఇక రారు. ఈ క్యాన్సర్‌కు కారణమయ్యే వైరస్‌ను వెతికే హెచ్‌పీవీ పరీక్ష వీఐఏ కంటే నమ్మదగినదే, కానీ ఫలితం ఆలస్యమైతే అదే గండం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 90-70-90 లక్ష్యంలో మొదటి రెండైన టీకా, పరీక్షల అంకెలను నువ్వు వివరించావు. జబ్బు తేలినవారిలో 90 శాతానికి చికిత్స అందాలన్న చివరిదాన్ని ఒక్క ముక్కలో దాటేశావు.

ఆసుపత్రుల మధ్య సహకార ఒప్పందం గురించీ అంతే, సంతకాల దగ్గరే ఆగావు. దూరాన ఉన్న నిపుణుడు తెరమీద స్లయిడ్ చూస్తాడు, నిజమే. ఇక్కడ బయాప్సీ ముక్కను సరిగా భద్రపరచకపోతే ఆయన చూసేదేముంది? 10 శాతం న్యూట్రల్ బఫర్డ్ ఫార్మలిన్, ముక్కకు పది రెట్ల ద్రవం ఉండాలి. రొమ్ము క్యాన్సర్ నమూనా ఆ ద్రవంలో ఉండే సమయం 6 గంటలకు తగ్గకూడదు, 72 దాటకూడదు. తేడా వస్తే హార్మోన్ రిసెప్టర్ (క్యాన్సర్ కణం హార్మోన్‌ను అందుకునే చోటు) లేదని తప్పుగా తేలి, పనిచేసే మందు ఆమెకు అందకుండా పోతుంది.

‘యోధురాలు’, ‘పోరాటం’ మాటలన్నీ తీసెయ్. ఈ ఫ్యాషన్ ఎవరు తెచ్చారో గానీ, చనిపోయినామె సరిగా పోరాడలేదన్న నింద అందులో దాగుంది.

శీర్షిక సంగతి తర్వాత. ముందు ఆ కార్యక్రమం రిజిస్టర్ అడిగి చూడు: ఎంతమందిని పరీక్షించారు, ఎందరికి పాజిటివ్ వచ్చింది, ఎందరికి ఎన్ని రోజుల్లో చికిత్స అందింది, ఎందరు మళ్లీ కనిపించలేదు. అవి తెలిశాక మూడో పేరా తిరగరాసి పంపు.